మార్చిన చోటే మొదట చూడాలి
(మోటారు సైకిలు లైట్లు పోయినప్పుడు తప్పు వెతికే పద్ధతి: విద్యార్థులకు ఒక పాఠం, తల్లిదండ్రులకు ఒక మాట)

మా అక్క కొడుకు హోసూరులో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇల్లు కెలమంగలం దాటాక ఒక పల్లెలో. సాయంత్రం క్లాసులయ్యాక ఒక వర్క్‌షాపులో రెండు గంటలు పని చేసుకుని, రాత్రి తొమ్మిదికి బండి మీద ఇంటికి బయలుదేరతాడు. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. హెడ్‌లైటు వెలుగు చాలడం లేదని తానే కొన్ని మార్పులు చేసుకున్నాడు.

ఒక రాత్రి నాకు ఫోను వచ్చింది. "మామా, నడిరోడ్డు మీద లైట్లన్నీ పోయి బండి ఆగిపోయింది. ఫ్యూజు కాలింది. స్పేరుగా ఉన్న 10 ఆంపియర్లది వేస్తే రెండు కిలోమీటర్లు కూడా రాలేదు, అదీ పోయింది. ఇంక 20 ఆంపియర్లది ఒకటే ఉంది. వెయ్యనా?" అని అడిగాడు.

నేను చాలా ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. అయినా పిల్లవాడు చీకట్లో నిలబడి ఉన్నాడన్న కంగారులో, "వేసుకుని నిదానంగా వచ్చెయ్‌రా" అన్నాను. అది నా తప్పు. నాలుగైదు కిలోమీటర్లు వచ్చేసరికి హ్యాండిల్ దగ్గర కాలిన వాసన, పొగ, ఆ వెంటనే చీకటి. వెనక లైటు కూడా లేదు. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు చివరి క్షణంలో చూసి పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది. మావాడు బండి తోసుకుంటూ ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.

ఆ ఆదివారం ఇద్దరం కలిసి బండి విప్పి కూర్చున్నాం. ఆ రోజు చేసిన పనినే వరుసగా ఇక్కడ రాస్తున్నాను. మన పిల్లల్లో చాలామంది తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో చదువుకుంటారు కాబట్టి, షాపులో అందరూ వాడే మాటలే నేనూ వాడాను.

1. మొదటి ప్రశ్న: ఏం మార్చావు?

నిన్నటిదాకా బాగా వెలిగిన లైటు మార్పు చేశాక పోయిందంటే, తప్పు దాదాపుగా చెయ్యి పడిన చోటే ఉంటుంది. కాబట్టి స్పానరు తీసే ముందు కాగితం తీయాలి. ఏ బల్బు తీసి ఏది పెట్టారు, ఏ వైరు కోశారు, ఏది ఎక్కడ కలిపారు, ఎర్తు ఎక్కడ బిగించారు అన్నీ రాసుకోవాలి. ఫోను వచ్చిన రాత్రి నేను ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే 20 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యమని చెప్పేవాణ్ణి కాను.

కాగితం మీద మావాడు రెండు మార్పులు రాశాడు. హెడ్‌లైటులో 35/35 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది పెట్టాడు. నాలుగు ఇండికేటర్లూ తీసి ఎల్‌ఈడీవి బిగించాడు. మూడో మార్పు ఒకటి ఉంది. అది వాడు రాయలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

2. ఫ్యూజు ఎందుకు పోయింది? లెక్క వేసి చూద్దాం

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇది హైస్కూలు పాఠమే.

పాత బల్బు: 35 ÷ 12 = సుమారు 2.9 ఆంపియర్లు.
కొత్త బల్బు: 100 ÷ 12 = సుమారు 8.3 ఆంపియర్లు.

దీనికి వెనక లైటు 5 వాట్లు (0.4 ఆంపియరు), బ్రేకు లైటు 21 వాట్లు (1.75 ఆంపియర్లు) కలపండి. 10.45 అయింది. ఇగ్నిషను, హారను ఇంకా లెక్కలోకి రాలేదు. అంటే బ్రేకు నొక్కినప్పుడల్లా 10 ఆంపియర్ల ఫ్యూజు తన హద్దు దాటుతోంది. హద్దు కొంచెం దాటినంత మాత్రాన ఫ్యూజు ఆ క్షణంలోనే కాలదు. కొంతసేపు ఓర్చుకుని తర్వాత పోతుంది. అందుకే ఇంటి దగ్గర పరీక్షించినప్పుడు బాగా వెలిగిన లైటు రోడ్డు మీద ఆరిపోయింది. ఆ బండిలో ఇగ్నిషనుకు కూడా బ్యాటరీ నుంచే, అదే ఫ్యూజు ద్వారా కరెంటు వెళ్తుంది కాబట్టి ఇంజను కూడా ఆగింది.

ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. వైరు మందాన్ని బట్టి ఫ్యూజు విలువ నిర్ణయిస్తారు. పెద్ద ఫ్యూజు వేస్తే, దాని బదులు వైరు కాలుతుంది. మాకు జరిగింది అదే. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం పెట్టడం ఇంకా ప్రమాదం.

వైరులో ఏం జరుగుతుందో కూడా లెక్క వేద్దాం. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు సుమారు 0.034 ఓము నిరోధం ఉంటుంది. 3 మీటర్లకు సుమారు 0.1 ఓము. వేడి అంటే ఆంపియర్ల వర్గాన్ని నిరోధంతో గుణించడం. 2.9 ఆంపియర్లకు 0.84 వాటు వేడి పుడుతుంది. 8.3 ఆంపియర్లకు 6.9 వాట్లు. కరెంటు మూడు రెట్లు కూడా పెరగలేదు, వేడి మాత్రం ఎనిమిది రెట్లయింది. ఆ వేడి వైరు పొడవునా సమానంగా పుట్టినా కొంత నయం. కానీ వదులుగా ఉన్న కప్లరు, అరిగిపోయిన స్విచ్ కాంటాక్టు లాంటి నిరోధం ఎక్కువ ఉన్న చోట అది పోగవుతుంది. మేము విప్పి చూస్తే హెడ్‌లైటు కప్లరు ప్లాస్టిక్కు కరిగి ముద్ద అయింది.

3. బ్యాటరీ, ఛార్జింగ్ చూడడం

పని మొదలుపెట్టే ముందు కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు మొదట విప్పాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. కరిగిన భాగాన్ని కోసి, కొత్త కప్లరు వేశాక మీటరుతో కొలతలు మొదలుపెట్టాం. మామూలు డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఊహ మీద కొనే ఒక్క స్విచ్ సెట్టు ఖర్చుతో మీటరు వస్తుంది.

ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12.2 ఉంటే సగమే ఉందని అర్థం. ఇంజను నడుపుతూ, హెడ్‌లైటు వేసి, కొంచెం రేజ్ చేస్తే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడిందని అనుమానించాలి. అప్పుడు బల్బులు తరచుగా పోతుంటాయి.

మా బండిలో 100 వాట్ల బల్బు వేసి రేజ్ చేస్తే 12.3 దాటలేదు. అంటే బండి ఎంత తిరిగినా బ్యాటరీ నిండడం లేదు, ఖాళీ అవుతోంది. పాత బల్బు పెట్టి చూస్తే 13.9 వచ్చింది. ఛార్జింగ్ వ్యవస్థ బాగానే ఉంది, మేము దాని మీద మోయలేని బరువు వేశాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీతో వెలగదు. మాగ్నెటో నుంచి నేరుగా ఏసీ కరెంటు వస్తుంది. ఇంజను ఆపితే లైటు ఉండదు, ఐడ్లింగులో మసకబారుతుంది. అది తప్పు కాదు, వాటి పద్ధతి. అలాంటి హోల్డరులో డీసీ ఎల్‌ఈడీ బల్బు పెడితే మిణుకుమిణుకుమంటుంది, త్వరగా పాడవుతుంది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. వాటిలో ఎక్కువ వాట్ల బల్బు పెడితే ఆ భారం పగలు కూడా పడుతుంది.

4. వోల్టేజి ఎక్కడ పోతోంది?

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బల్బు తీసి, హోల్డరులో మీటరు పెట్టి, "12 వోల్టులు వస్తున్నాయి, వైరు బాగుంది" అనేస్తారు. పది తీగలలో తొమ్మిది తెగి ఒకటే మిగిలిన వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపిస్తుంది. బరువు పడినప్పుడే దాని బలం తెలుస్తుంది. కాబట్టి బల్బు వెలుగుతుండగానే కొలవాలి. కప్లరు వెనక నుంచి మీటరు పిన్ను లోపలికి పెట్టి ఇలా చూడండి:

(అ) మీటరు ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది బల్బు పాజిటివ్ టెర్మినల్ మీద. 0.5 వోల్టుకు మించకూడదు.
(ఆ) ఒక కొన బల్బు ఎర్తు టెర్మినల్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద. 0.2 వోల్టుకు మించకూడదు.

పెద్ద బల్బుతో ఒక్క నిమిషం చూస్తే మాకు పాజిటివ్ వైపు 1.9, ఎర్తు వైపు 0.8 పోతున్నాయి. బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే బల్బుకు చేరింది 9.8 మాత్రమే. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది 20 శాతం పైగా. అంటే డబ్బు పెట్టి కొన్న 100 వాట్ల బల్బు తన వెలుగులో సగం కూడా ఇవ్వడం లేదు. మిగిలిన శక్తిలో కొంత కప్లరును కరిగించడానికి పోయింది.

పాత బల్బు పెట్టినా పాజిటివ్ వైపు 0.75, ఎర్తు వైపు 0.3 పోతోంది. అంటే మార్పుకు ముందు నుంచే లోపం ఉంది. డిప్ స్విచ్ కాంటాక్టులు నల్లబడ్డాయి. ఎర్తు బోల్టు కింద తుప్పు. రెండూ శుభ్రం చేశాక 0.3, 0.1కి దిగింది. వెలుగు చూసి మావాడు నా ముఖం వంక చూశాడు. "మామా, మొదట ఇది చేసి ఉంటే కొత్త బల్బే అక్కర్లేదు కదా" అన్నాడు. ఆ మాట వాడి నోటి నుంచే రావాలని నేను కాచుకున్నాను.

5. ఇండికేటర్ల వింత

ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టాక రెండు రకాల ఫిర్యాదులు వస్తాయి.

మొదటిది: చాలా వేగంగా కొట్టుకోవడం, లేదా కొట్టుకోకుండా ఊరికే వెలిగి ఉండడం. పాత ఫ్లాషర్లు తమ గుండా పోయే కరెంటును బట్టి పని చేస్తాయి. ఒక వైపు 10 వాట్ల బల్బులు రెండుంటే 20 వాట్లు. ఎల్‌ఈడీలు ఒకటి రెండు వాట్లే తీసుకుంటాయి. ఫ్లాషరు బల్బు పోయిందనుకుంటుంది. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయడమే సరైన మందు. రెసిస్టరు కలిపి భారం పెంచడం ఇంకో దారి. కానీ అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్కుకు ఆనించి బిగించకూడదు.

రెండోది: ఎడమ వైపు వేస్తే నాలుగూ కొట్టుకోవడం. మీటరు బోర్డులో రెండు వైపులకూ కలిపి ఒకే ఇండికేటరు లైటు ఉన్న బండ్లలో ఇది వస్తుంది. ఆ చిన్న లైటును ఎడమ వైరుకు, కుడి వైరుకు మధ్య కలుపుతారు. మామూలు బల్బులున్నప్పుడు దాని గుండా అవతలి వైపుకు పోయే కొద్దిపాటి కరెంటు వాటిని వెలిగించలేదు. ఎల్‌ఈడీకి ఆ కొద్దిపాటి చాలు. మందు: ఆ లైటుకు ఒక కొనను ఎర్తుకు కలిపి, రెండో కొనకు ఎడమ, కుడి వైర్ల నుంచి ఒక్కో డయోడు ద్వారా కరెంటు ఇవ్వాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 1ఎన్4007 డయోడు సరిపోతుంది. డయోడు మీద గీత ఉన్న కొన లైటు వైపు ఉండాలి. మీ ఫిజిక్సు పుస్తకంలోని డయోడు చేసే పని ఇదే.

6. దాచిన మార్పు

హెడ్‌లైటు, ఇండికేటర్లు సరిచేసి అంతా అయిందనుకున్నాం. లైటు స్విచ్ ఆపి బ్రేకు నొక్కితే బ్రేకు లైటు సరిగా వెలగడం లేదు, మీటరు బోర్డులో లైటు మాత్రం మసకగా వెలుగుతోంది. సంబంధం లేని లైటు వెలిగిందంటే తొంభై పాళ్లు ఎర్తు పోయినట్టే. తన దారి మూసుకుపోయిన కరెంటు వెనక లైటు వైరు ద్వారా ముందుకు వచ్చి, మీటరు లైటు గుండా ఎర్తుకు చేరుతోంది.

ఏ వైరూ ముట్టలేదన్నాడు కాబట్టి గంటసేపు నేను హ్యాండిల్ వైపే వెతికాను. చివరకు సీటు విప్పుతుంటే వాడు తలవంచుకుని, "అక్కడ ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్పు కలిపాను మామా. నాన్న తిడతాడని చెప్పలేదు" అన్నాడు. వెనక లైటు ఎర్తు వైరు ఊడదీసి, స్ట్రిప్పు వైరుతో కలిపి మెలిపెట్టి, పెయింటు మీద బోల్టు బిగించాడు. పెయింటు కరెంటును పోనివ్వదు. జాయింటు మీద చుట్టిన టేపు ఎండకు జారిపోయి, వానకు వైరు పచ్చబడింది. ఆ రాత్రి ఫ్యూజు ఉన్నా, లారీ డ్రైవరుకు మావాడి బ్రేకు లైటు కనిపించేది కాదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

స్ట్రిప్పు తీసేశాం. పెయింటు గీకి, శుభ్రమైన లోహానికి ఎర్తు బిగించాం. తెగిన వైరును సాల్డరు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాం. చివరగా ఇంజను నడుపుతూ, లైట్లన్నీ వేసి, హ్యాండిలు పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి చూశాం. హ్యాండిలు మెడ దగ్గర వైరు లాగుతుంటే అప్పుడే తెలుస్తుంది.

7. వెలుగు నిజంగా చాలకపోతే

మొదట అద్దం, రిఫ్లెక్టరు, కాంటాక్టులు, ఎర్తు చూడండి. తర్వాత బీము. సమతలంలో గోడకు 5 మీటర్ల దూరంలో, మనిషి కూర్చుని ఉండగా బండి నిలబెట్టండి. డిప్ బీము పై అంచు లాంపు మధ్యభాగం ఎత్తుకన్నా కొంచెం కిందికి పడాలి. బీము ఆకాశంలోకి ఉంటే ఎన్ని వాట్లున్నా రోడ్డు చీకటే.

రిలే వేస్తే స్విచ్ మీద భారం తగ్గుతుంది, వోల్టేజి బాగా చేరుతుంది. 30వ పిన్నుకు ఫ్యూజు ద్వారా బ్యాటరీ, 87కు బల్బు, 86కు స్విచ్ వైరు, 85కు ఎర్తు. కానీ రిలే ఛార్జింగును పెంచదు, రిఫ్లెక్టరు వేడిని తగ్గించదు. కాబట్టి బండి పుస్తకంలో రాసిన వాట్లకు మించి వెళ్లవద్దు. 35/35 వాట్ల హెచ్.ఎస్.1 బల్బు, 60/55 వాట్ల హెచ్4 బల్బు చూడడానికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి షాపులో పొరపాటు సులభం. పైగా ఎదురు వచ్చేవాడి కళ్లు చెదిరితే ప్రమాదం మనకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ మాటే చెప్పింది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆ రాత్రి తర్వాత మా బావ బండి అమ్మేస్తానన్నారు. ఆయన భయం న్యాయమైనదే. నేను ఒకటే అడిగాను: "బావా, బండి అమ్మితే వాడు మార్పులు చెయ్యడం మానతాడా, మీకు చెప్పడం మానతాడా?" తిట్లకు భయపడిన పిల్లవాడు మార్పు చెయ్యడం మానడు, చేసింది దాస్తాడు. కాలిన వైరును మీటరుతో పట్టుకోవచ్చు. దాచిన మార్పును పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా కష్టం. కాబట్టి లైటు పోయిందని పిల్లవాడు వస్తే మొదట "ఏం మార్చావు నాయనా?" అని మెల్లగా అడగండి. సమాధానం విన్నాక కోప్పడకండి. బండి అమ్మలేదు. ఇప్పుడు టూల్ బాక్సులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఏం విప్పినా తేదీ వేసి అందులో రాస్తాడు. మొదటి పేజీలో మూడు మార్పులూ వాడి చేతిరాతలోనే ఉన్నాయి. దాని కింద, "20 ఆంపియర్ల ఫ్యూజు: మామ చెప్పిన తప్పు" అని నేను రాసి సంతకం పెట్టాను.

అభ్యాసం

1. 12 వోల్టుల మీద 55 వాట్ల అదనపు లైట్లు రెండు పెడితే ఎన్ని ఆంపియర్లు? ఉన్న 10 ఆంపియర్ల ఫ్యూజు మీదే వాటిని కలపవచ్చా?
2. 0.1 ఓము నిరోధం ఉన్న వైరులో 5 ఆంపియర్లు పోతే ఎన్ని వోల్టులు తగ్గుతాయి?
3. బ్రేకు నొక్కితే మీటరు లైటు వెలుగుతోంది. మొదట ఎక్కడ చూస్తారు?

జవాబులు: 1. సుమారు 9.2 ఆంపియర్లు, కలపకూడదు. 2. 0.5 వోల్టు. 3. వెనక లైటు ఎర్తు. అంతకన్నా ముందు, అక్కడ ఎవరైనా ఏమైనా మార్చారేమో అడగాలి.